ఎత్తుకు వెళ్తే బరువు ఎంత తగ్గుతుంది? ఆ దూరం ఎక్కడి నుంచి కొలవాలి?

హన్మకొండలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "బరువు దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని పుస్తకంలో ఉంది. అంటే ఎత్తు రెట్టింపైతే బరువు నాలుగో వంతు కావాలి. మరి పద్మాక్షి గుట్ట సగం దాకా ఎక్కి, అక్కడి నుంచి పైదాకా పోతే నా 60 కిలోలు 15 కిలోలు ఎందుకు కావట్లేదు సార్? నేల మీద ఎత్తు సున్నా అని వేస్తే సున్నాతో భాగించాల్సి వస్తోంది. 400 కిలోమీటర్ల ఎత్తులో నా బరువు ఎంతుంటుంది? అంతరిక్షంలో అందరూ తేలుతుంటారు కదా, సున్నా కాదా? భూమి వ్యాసార్థం 6400 వేయాలా, 6371 వేయాలా?"

ముందు జవాబు చెప్పేస్తా. ఆ సూత్రంలో దూరం అంటే నేల నుంచి ఎత్తు కాదు, భూమి కేంద్రం నుంచి దూరం. నువ్వు హన్మకొండలో నేల మీద నిలబడ్డప్పుడే ఆ దూరం సుమారు 6371 కిలోమీటర్లు ఉంది, సున్నా కాదు. గుట్ట ఎక్కితే ఆ 6371కి వంద మీటర్లో, ఇంకా తక్కువో కలుస్తుంది, అంతే. 400 కిలోమీటర్ల ఎత్తులో నీ బరువు సుమారు 53 కిలోలు. అక్కడ తేలడం నిజమే, కానీ బరువు లేక కాదు. దాని సంగతి కింద విడిగా చెప్తా.

నేను వరంగల్‌లో జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, పేపర్లు దిద్దాను. గురుత్వాకర్షణ పాఠంలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. సూత్రం రాక కాదు, సూత్రం అందరికీ నోటికి వస్తుంది. దూరం ఎక్కడి నుంచి అన్నది పట్టించుకోక పోతాయి. కాబట్టి నీ ప్రశ్న చిన్నదేం కాదు, సున్నాతో భాగించాల్సి వస్తోందని నీకు అనుమానం రావడమే మంచి సూచన. జవాబు అనంతం అని వస్తే అలాగే రాసేసి పక్క లెక్కకు పోయేవాళ్లను చూశాను.

లెక్క ఎలా చేయాలో చూద్దాం. పుస్తకాల్లో చాలాసార్లు అనుపాత స్థిరాంకం కనుక్కోమంటారు. అంటే 60ని 6371 వర్గంతో గుణించాలి, 243 కోట్ల పైచిలుకు సంఖ్య వస్తుంది, దాన్ని మళ్లీ 6771 వర్గంతో భాగించాలి. జవాబు సరిగ్గానే వస్తుంది గానీ ఆ పెద్ద అంకెల మధ్య ఒక సున్నా పోయినా నీకు తెలియదు. నేను పిల్లలకు ఆ దారి చెప్పను. నిష్పత్తి వేయమంటా:

కొత్త బరువు = నేల మీది బరువు × (వ్యాసార్థం ÷ (వ్యాసార్థం + ఎత్తు))²

400 కిలోమీటర్లకు వేస్తే: 6371 ÷ 6771 = 0.9409. దాని వర్గం 0.8853. దాన్ని 60తో గుణిస్తే 53.1 కిలోలు. న్యూటన్లలో అడిగితే నేల మీద 60ని గురుత్వ త్వరణం 9.8తో గుణించాలి, 588 న్యూటన్లు, దాన్ని 0.8853తో గుణిస్తే సుమారు 521 న్యూటన్లు. ఇందులో గమనించాల్సిందేంటంటే, భాగించగానే ఒకటి కంటే తక్కువ సంఖ్య రావాలి. పైకి వెళ్తే బరువు తగ్గాలి కాబట్టి. ఒకటి కంటే ఎక్కువ వచ్చిందంటే పైనది కింద, కిందది పైన వేశావన్నమాట, అక్కడే ఆగి సరిచేసుకోవచ్చు. పెద్ద స్థిరాంకం దారిలో ఈ హెచ్చరిక దొరకదు.

ఎత్తు మీటర్లలో, వ్యాసార్థం కిలోమీటర్లలో ఉంచి కలిపేయడం ఇంకో పొరపాటు. ఎవరెస్ట్ ఎత్తు 8849 అని చూడగానే 6371కి కలిపేసి 15,220 అని రాస్తారు, శిఖరం మీద బరువు పదిన్నర కిలోలని వస్తుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు అది తప్పని కూడా తోచదు. రెండూ కిలోమీటర్లలోకి తెచ్చాకే కలుపు.

ఇప్పుడు నీ 60 కిలోలనే వేర్వేరు ఎత్తులకు తీసుకుపోదాం. ఇవి ఒకసారి మనసులో కూర్చుంటే తప్పు జవాబు వచ్చినప్పుడు నీకే తెలిసిపోతుంది.

వంద మీటర్ల గుట్ట ఎక్కితే తగ్గేది దాదాపు 2 గ్రాములు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ఎండుమిరపకాయలు ఒకటో రెండో చేతిలో పెట్టుకుంటే ఎంత బరువో అంత. ఆ గుట్ట ఎక్కేటప్పుడు పట్టే చెమటతో పోయే బరువు దీనికంటే చాలా ఎక్కువ. నీ ఇంట్లో బరువు మిషన్ వంద గ్రాముల తేడా చూపిస్తే గొప్ప, కాబట్టి ఇది దానికి అందదు. ఎవరెస్ట్ శిఖరం, 8.849 కిలోమీటర్లు: తగ్గేది సుమారు 166 గ్రాములు. 11 కిలోమీటర్ల ఎత్తులో పోయే విమానంలో సుమారు 200 గ్రాములు. ఒక్క శాతం తగ్గాలంటే 32 కిలోమీటర్లు పోవాలి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది, అక్కడి నుంచి ఎగరేసే పరిశోధన బెలూన్లు పోయేది ఇంచుమించు ఈ ఎత్తుకే, ఇంకొంచెం పైకి కూడా. ఆ బెలూన్‌కు వంద కిలోల పరికరం కట్టి పంపినా అక్కడ దాని బరువు 99 కిలోలు, అంతే తేడా. అంత పైకి పోయినా ఒక్క శాతమే. ఎందుకంటే 6371 ముందు 32 ఎంత?

10 శాతం తగ్గడానికి సుమారు 345 కిలోమీటర్లు. సగం కావడానికి 2639 కిలోమీటర్లు. నువ్వడిగిన 15 కిలోలు, అంటే నాలుగో వంతు కావాలంటే సరిగ్గా భూమి వ్యాసార్థమంత ఎత్తుకు, 6371 కిలోమీటర్ల పైకి పోవాలి. అప్పుడు కేంద్రం నుంచి దూరం నిజంగా రెట్టింపవుతుంది. నువ్వు చెప్పిన మాట తప్పు కాదు, రెట్టింపు కావాల్సింది ఏది అన్నదే తేడా. మన ఇళ్ల మీది డిష్‌లకు సిగ్నల్ పంపే ఉపగ్రహాలు ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ నీ మీద భూమి ఆకర్షణ 1.37 కిలోల బరువుకు సమానం. తక్కువే, కానీ సున్నా కాదు. ఆ కాస్త ఆకర్షణే ఉపగ్రహాన్ని రోజుకొకసారి భూమి చుట్టూ తిప్పుతోంది.

ఇక కేంద్రం నుంచే ఎందుకు కొలవాలి? నీ ప్రశ్నలో అసలు సారం ఇదే, క్లాసులో దీన్ని చాలామంది దాటేస్తారు. నిన్ను లాగేది భూమి కేంద్రం అనే ఒక చుక్క కాదు. కాళ్ల కింది మట్టి లాగుతుంది, పక్కనున్న గుట్ట లాగుతుంది, మన వరంగల్‌కు సరిగ్గా అవతలి వైపు ఉండే పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు కూడా 12,700 కిలోమీటర్ల దూరం నుంచి లాగుతాయి. దగ్గరివి గట్టిగా, దూరానివి మెల్లగా, పక్కలవి ఏటవాలుగా. ఇవన్నీ కలిపితే ఏం వస్తుందన్నది పెద్ద చిక్కు. న్యూటన్ దీన్ని గణితంతో నిరూపించాడు: గోళాకారంలో పొరలు పొరలుగా ఉన్న వస్తువు బయట నిలబడ్డవాళ్లను, దాని ద్రవ్యరాశి మొత్తం కేంద్రంలోనే ఉన్నట్టు ఆకర్షిస్తుంది. ఉజ్జాయింపుగా కాదు, కచ్చితంగా. 1687లో అచ్చయిన తన గ్రంథంలో ఆ నిరూపణ ఉంది. నాకైతే ఈ పాఠం మొత్తంలో ఇంతకంటే అందమైన విషయం లేదనిపిస్తుంది. అంత పెద్ద భూమిని ఒక్క చుక్కగా మార్చుకునే హక్కు మనకు అక్కడి నుంచే వచ్చింది.

వర్గమే ఎందుకు అంటావేమో. దూరం రెట్టింపైతే ఆ దూరంలో గీసిన గోళం ఉపరితల వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, అదే ఆకర్షణ నాలుగు రెట్ల వైశాల్యం మీద పరుచుకుంటే ఒక్కో చోట నాలుగో వంతే మిగులుతుంది. కానీ ఇది ఊహకు ఊతం మాత్రమే. నమ్మకం కుదరాలంటే చంద్రుడి లెక్క చేసి చూడు. కాగితం తీసి నిజంగా చెయ్యి, పది నిమిషాల పని. చంద్రుడు మన నుంచి 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, భూమి వ్యాసార్థానికి సుమారు 60 రెట్లు. విలోమ వర్గ నియమం నిజమైతే అక్కడ భూమి కలిగించే త్వరణం 9.8ని 3600తో భాగించినంత, అంటే సెకను వర్గానికి 0.0027 మీటర్లు ఉండాలి. ఇప్పుడు ఇంకో దారిలో రా. చంద్రుడు 27.3 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాడు. ఆ వేగం సెకనుకు సుమారు 1.02 కిలోమీటర్లు. రెండూ మీటర్లలోకి మార్చి వేగం వర్గాన్ని దూరంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం, అంటే గుండ్రంగా తిరిగేదానికి కేంద్రం వైపు ఉండే త్వరణం వస్తుంది, అదీ 0.0027. రెండు దారులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, ఒకటి మన ఇంటి ముందు రాయి పడటం నుంచి వచ్చింది, ఇంకొకటి ఆకాశంలో చంద్రుడి చుట్టు లెక్క నుంచి వచ్చింది. రెండూ ఒక్క చోటే కలిశాయి. ఇంకోలా చెప్పాలంటే ఇక్కడ రాయి ఒక సెకనులో పడే 4.9 మీటర్లు చంద్రుడు ఒక నిమిషంలో భూమి వైపు పడతాడు. న్యూటన్ చేసిన పోలిక కూడా ఇదే.

చంద్రుడు పడుతున్నాడంటే విచిత్రంగా ఉంటుంది గానీ, అది అర్థమైతే నీ రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

400 కిలోమీటర్ల ఎత్తులో తేలడం ఎందుకు? 1984లో రాకేశ్ శర్మ, 2025లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రాల్లో తేలుతున్న దృశ్యాలు చూసి అక్కడ గురుత్వాకర్షణ లేదనుకుంటారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ మాట అంటుంటారు. మనం ఇందాకే లెక్కేశాం, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండే ఎత్తులో నేల మీది బరువులో 88 శాతానికి పైగానే ఉంటుంది. గురుత్వం నిజంగా లేకపోతే ఆ కేంద్రం భూమి చుట్టూ తిరగనే తిరగదు, సరళరేఖలో ఎటో వెళ్లిపోతుంది. జరుగుతున్నదేంటంటే ఆ కేంద్రం సెకనుకు 7.7 కిలోమీటర్లు ముందుకు పోతూ అదే సెకనులో 4.3 మీటర్లు కిందికి పడుతోంది. అంత దూరం పోయేసరికి భూమి గుండ్రదనం వల్ల నేల కూడా అంతే కిందికి వంగుతుంది. అందుకే ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, ఎప్పుడూ నేలను తాకదు. లోపలి మనిషి, కుర్చీ, నీటి చుక్క అన్నీ ఒకే త్వరణంతో పడుతున్నాయి, కాబట్టి ఒకదాన్ని ఒకటి నొక్కవు. కాళ్ల కింద బరువు మిషన్ పెట్టినా అదీ నీతో పాటే పడుతుంటుంది, సున్నా చూపిస్తుంది. దాన్ని దృశ్య భారం అంటాం, అది సున్నా. భూమి లాగే బలం మాత్రం 521 న్యూటన్లు, చెక్కుచెదరదు. 400 కిలోమీటర్ల ఎత్తున్న స్తంభం కట్టి దాని మీద నిలబడగలిగితే మిషన్ సుమారు 53 చూపించేది.

పరీక్షలో "బరువు ఎంత" అని అడిగితే విలోమ వర్గ సూత్రం వెయ్యి. "కక్ష్యలో తిరుగుతున్న వ్యోమగామి దృశ్య భారం" అని అడిగితే సున్నా రాయి. ప్రశ్నలో ఆ ఒక్క మాట చూసుకో.

ఇప్పుడు షార్ట్‌కట్ గురించి. ఇది కోచింగ్ పిల్లలు ఎక్కువ వాడతారు. ఎత్తు చిన్నదైతే, తగ్గే శాతం దూరం పెరిగిన శాతానికి రెండింతలు. వర్గం కాబట్టి రెండింతలు. అంటే కొత్త బరువు = పాత బరువు × (1 − 2 × ఎత్తు ÷ వ్యాసార్థం). గుట్ట లెక్కకు, ఎవరెస్ట్ లెక్కకు, విమానం లెక్కకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాలిక్యులేటర్ అక్కర్లేదు. వంద కిలోమీటర్ల లోపు వాడు, ఆపైన వాడకు. 400 కిలోమీటర్లకు వేస్తే 52.5 వస్తుంది, అసలు జవాబు 53.1. ఆప్షన్లలో రెండూ ఉంటే మార్కు పోయినట్టే. ఎత్తు వ్యాసార్థంలో సగం ఉంటే షార్ట్‌కట్ ప్రకారం బరువు సున్నా, నిజానికి తొమ్మిదిలో నాలుగు వంతులు, అంటే నీకు 26.7 కిలోలు. వ్యాసార్థమంత ఎత్తుకు వేస్తే మైనస్ 60 కిలోలు వస్తుంది. మైనస్ బరువు అంటే భూమి నిన్ను పైకి తోస్తోందని అర్థం, అలాంటిదేం లేదు కదా. సూత్రం ఎక్కడి దాకా పనికొస్తుందో చూసుకోకుండా వాడితే ఇలాగే ఉంటుంది.

తిరగేసి అడిగే లెక్కలు కూడా ఉంటాయి: "ఎంత ఎత్తులో బరువు సగం అవుతుంది?" ఇక్కడ రెండు చోట్ల జారతారు. ఒకటి, సగం బరువంటే దూరం రెట్టింపు అనుకుంటారు. కాదు, వర్గమూలం తియ్యాలి. దూరం 1.414 రెట్లు కావాలి. 6371 × 1.4142 అంటే 9010. రెండోది, ఆ 9010నే జవాబుగా రాసి వచ్చేస్తారు. అది కేంద్రం నుంచి దూరం, అడిగింది ఎత్తు. 6371 తీసేస్తే 2639. ఎన్ని పేపర్లలో అంతా సరిగ్గా చేసి చివరి తీసివేత మర్చిపోయారో, దిద్దేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. ప్రశ్నలో "ఉపరితలం నుంచి" అని ఉందా, "కేంద్రం నుంచి" అని ఉందా అన్న మాట కింద పెన్నుతో గీత గీసుకుని లెక్క మొదలుపెట్టు. "ఉపరితలం నుంచి వ్యాసార్థానికి రెండింతల ఎత్తులో" అంటే కేంద్రం నుంచి మూడింతలు, బరువు తొమ్మిదో వంతు, నీకు 6.67 కిలోలు. నాలుగో వంతు అని రాసేవాళ్లు సగం మంది ఉంటారు.

మరి కిందికి పోతే? నువ్వు అడగలేదు గానీ ఈ ప్రశ్న తర్వాత వచ్చేది ఇదే. భూపాలపల్లి నుంచి వచ్చి మా కాలేజీలో చదివిన ఒక అమ్మాయి అడిగింది, వాళ్ల నాన్న సింగరేణి బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు. "నాన్న బాయిలోకి దిగితే కేంద్రానికి దగ్గరవుతాడు కదా సార్, బరువు పెరగాలి కదా?" అని. మంచి ప్రశ్న. విలోమ వర్గ సూత్రాన్ని అలాగే లోపలికి తీసుకుపోతే కేంద్రం దగ్గర బరువు అనంతం కావాలి, అది కుదరదు. ఆ సూత్రం భూమి బయట ఉన్నంత వరకే. లోపలికి దిగితే నీ పైన ఉన్న పొర నిన్ను లాగడం మొత్తం కలిపి సున్నా అయిపోతుంది, కింద మిగిలిన గోళమే లాగుతుంది. భూమి అంతటా ఒకే సాంద్రత ఉందనుకుంటే బరువు లోతుతో పాటు సమానంగా తగ్గుతూ కేంద్రంలో సున్నా అవుతుంది. ఇంటర్ పుస్తకంలో ఉన్న సూత్రం ఇదే, పరీక్షలో ఇదే రాయాలి.

కానీ నిజం భూమి అలా లేదు. దాని సగటు సాంద్రత నీటికి ఐదున్నర రెట్లు, పైపొర రాళ్లది రెండున్నర నుంచి మూడు రెట్లే. బరువైనదంతా లోపల ఉంది. అందుకని గనిలోకి దిగేటప్పుడు పైన వదిలేసిన తేలిక పొర వల్ల పోయేదాని కంటే, బరువైన లోభాగానికి దగ్గరవడం వల్ల వచ్చేది ఎక్కువ. ఫలితంగా గనిలో బరువు రవ్వంత పెరుగుతుంది. ఇది ఊహ కాదు. 1854లో జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లో హార్టన్ అనే బొగ్గు గనిలో, నేల మీద ఒక లోలకం, సుమారు 380 మీటర్ల లోతులో ఇంకో లోలకం పెట్టి పోల్చి చూశాడు. అడుగున గురుత్వం 19 వేలలో ఒక వంతు ఎక్కువ తేలింది. 60 కిలోల మనిషికి అది సుమారు 3 గ్రాములు. అంటే ఆ అమ్మాయి అన్నదే నిజం, కారణం మాత్రం వేరు. ఇలా పెరుగుతూ తగ్గుతూ పోయి, 2900 కిలోమీటర్ల లోతులో, లోపలి ఇనుప గోళం మొదలయ్యే చోట గురుత్వ త్వరణం గరిష్ఠంగా 10.7 దాకా ఉంటుంది, ఆ తర్వాతే కేంద్రం వైపు తగ్గుతూ సున్నాకు చేరుతుంది.

ఎత్తు ఒక్కటే బరువును మారుస్తుందని కూడా అనుకోకు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, పైగా తిరుగుతోంది. ఈ రెండింటి వల్ల గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. తేడా అర శాతం పైన. ఎవరెస్ట్ ఎక్కితే వచ్చే తేడా 0.28 శాతమే. అంటే నేల మీదే ఉండి ఊరు మారితే వచ్చే తేడా, ప్రపంచంలో ఎత్తైన శిఖరం ఎక్కితే వచ్చేదాని కంటే ఎక్కువ! 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్యారిస్‌లో సరిచేసిన లోలకం గడియారాన్ని దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు తీసుకుపోతే అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గురుత్వం తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది, కారణం ఇదే.

మన దగ్గర ఇది ఎక్కడ పనికొస్తుందంటే కాంటా దగ్గర. ఏనుమాములలో మిర్చి, పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాంటా కొలిచేది బలాన్ని. దాన్ని కిలోలుగా మార్చి చూపిస్తుంది. ఢిల్లీలో గురుత్వ త్వరణం సుమారు 9.791, వరంగల్‌లో సుమారు 9.785. ఢిల్లీలో సరిచేసిన కాంటాను అలాగే తెచ్చి ఇక్కడ పెడితే క్వింటా మిర్చికి 60 నుంచి 70 గ్రాములు తక్కువ చూపిస్తుంది. రైతుకు అదొక్కటీ పెద్ద నష్టం కాకపోవచ్చు, కానీ బస్తాలు వందలు, వేలు అయ్యేకొద్దీ అదీ లెక్కే. అందుకే కాంటాను వాడే చోటే తూకపు రాళ్లు పెట్టి సరిచూడాలి. పాతకాలం తరాజుకు ఈ గొడవ లేదు. ఒక పళ్లెంలో సరుకు, ఇంకో పళ్లెంలో రాయి, గురుత్వం రెండింటినీ ఒకే నిష్పత్తిలో లాగుతుంది, కాబట్టి ఢిల్లీలో, హన్మకొండలో, చంద్రుడి మీద కూడా ఒకటే చూపిస్తుంది. తరాజు పోల్చేది ద్రవ్యరాశిని, స్ప్రింగు కాంటా చూపించేది భారాన్ని. ఈ తేడా ఒక మార్కు ప్రశ్నగా చాలాసార్లు వస్తుంది, కారణం కూడా రాస్తే బాగుంటుంది.

అందుకే నీ 60 కిలోలు అన్నమాట దగ్గర కూడా జాగ్రత్త. ద్రవ్యరాశి 60 కిలోలు, అది ఎక్కడికి పోయినా మారదు. నేల మీద బరువు 588 న్యూటన్లు. 53 కిలోల బరువు అంటే నేల మీద 53 కిలోల వస్తువును భూమి ఎంత బలంతో లాగుతుందో అంత అని మాత్రమే అర్థం. నీలో ఏడు కిలోలు ఎక్కడికీ పోలేదు. రాత పరీక్షలో న్యూటన్లలోనే రాయి.

ఇక 6400 వేయాలా, 6371 వేయాలా? ప్రశ్నలో ఏది ఇస్తే అది వెయ్యి. ఏమీ ఇవ్వకపోతే, చేత్తో చేసే పరీక్షలో 6400 మేలు, భాగహారాలు తేలిగ్గా తెగుతాయి. 400 కిలోమీటర్లకే చూడు, 6400 ÷ 6800 అంటే 16 ÷ 17, వర్గం 256 ÷ 289, బరువు 53.15 కిలోలు. 6371 వేస్తే 53.12. తేడా 30 గ్రాములు, ఆప్షన్లలో అది తేలదు. కాకపోతే ఒకటి మాత్రం గుర్తుంచుకో, ఒకే లెక్కలో పైన 6371, కింద 6800 వేయొద్దు. రెండు చోట్లా ఒకే వ్యాసార్థం ఉండాలి, లేకపోతే ఎత్తు సున్నా పెట్టినప్పుడు కూడా నీ బరువు 60 రాదు.